కూసోబెట్టే మామ

మా ఆడపడుచు కూతురు మొగుడితో కేరళ పోతోంది. అక్కడ ఒక సాయంత్రం నది మీద, పడవలో భోజనం ఉందట. దానికి ఏం కట్టుకోవాలో ఫోన్‌లో వెతికి, మా సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని నాకు చదివి వినిపిస్తోంది.

"ఎగిరే బట్టలొద్దంట అత్తా. మెట్లుంటయంట, కింద జీరాడేటివి వద్దంట. సల్లగుంటదట, ఒక శాలువ దగ్గర వెట్టుకోవాల్నంట..."

నాకు నవ్వు ఆగలేదు. నోట్లో ఉన్న చాయ్ ముక్కులోకి పోయి, పొలమారి, కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల బెదిరిపోయి నా నెత్తి మీద తట్టింది.

"ఏమైంది అత్తా? తప్పు చదివిన్నా?"

"తప్పేం లేదు బిడ్డా. గీ ముచ్చట్లన్ని నాకు ఒకాయన ఏడెనిమిదేండ్ల కిందనే చెప్పిండు. ఆయన మంజీర తప్ప ఇంకో నది చూడలే. ఆ మంజీరనన్న సక్కగ చూసిండా అంటే అదీ లేదు. భాల్కి బస్సు కిటికీల కెల్లి చూసిండు."

ఆయన పేరు నాకు తెలుసు గానీ రాయను. రాసినా మా బజారులో ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆయన కూసోబెట్టే మామ. బీదర్‌లో ఒక చీరల దుకాణంలో నలభై ఏళ్లు చీరలు విప్పి చూపించాడు. పొద్దున మన్నళ్ళి నుంచి బస్సులో రావడం, సాయంత్రం బస్సులో పోవడం. తెల్లచొక్కా, జేబులో పెన్ను, మెడలో టేపు, పైపెదవి కనిపించనంత మీసం. ఆ మీసంతోనే చీర భుజాన వేసుకుని, కుచ్చిళ్లు బెల్టులో దోపుకుని, ఇటు తిరిగి అటు తిరిగి చూపిస్తుంటే కొత్తగా వచ్చిన పెళ్లికూతుళ్లు చున్నీలు నోట్లో కుక్కుకునేవాళ్లు. ఆయనకు మాత్రం నవ్వు రాదు. పైట జారితే అచ్చం మా అత్తగారిలాగే చిటికెన వేలితో పైకి లాక్కునేవాడు.

చీరల దుకాణాల్లో మగవాళ్లు చీర మీద వేసుకుని చూపించడం వింత కాదు. వింత ఏమిటంటే, ఈయన ఎవరినీ నిలబడి చూసుకోనిచ్చేవాడు కాదు. దుకాణంలో నిలువుటద్దం ఒకటి ఉండేది. పొద్దున రాగానే దాన్ని గోడవైపు తిప్పేసేవాడు. తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద, గోడకు ఆనించి, ఒక పొట్టి అద్దం పెట్టుకున్నాడు. మన భుజాన చీర వేసి, "కూసో" అనేవాడు. కూర్చోవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలకైనా మినహాయింపు లేదు, కాకపోతే వాళ్లకు స్టూలు వేసేవాడు.

"నిలవడి ఎంతసేపుంటవమ్మా? పెండ్లికి వోతె కూసుంటవ్. పేరంటానికి వోతె కూసుంటవ్. బస్సుల గూడ కూసుంటవ్, సీటు దొరికితె. కూసున్నప్పుడు కుచ్చిళ్లు పొట్ట మీద కుప్ప వడ్డయంటె ఆ చీర బేకార్."

అందుకే ఆయన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు, ధర గురించి కాదు. "ఏడ కూసుంటవమ్మా?" అనేది.

ఒకసారి నా ఎదురుగానే ఒక టీచరమ్మాయి తన నిశ్చితార్థానికి చీర కోసం వచ్చింది. ఏడ కూసుంటవని అడిగితే సోఫా మీద అంది. పక్కన ఎవరుంటరని అడిగాడు. కాబోయే అత్తగారు ఉంటుందట. "ఆమె ఏ రంగు కడ్తది?" అన్నాడు మామ. నాకేం తెలుసు అంది ఆ పిల్ల. "ఫోన్ గొట్టి అడుగు. ఇద్దరు రెండు గంటలు ఒక్క సోఫా మీద కూసుంటరు. ఆమెది ఎర్రగుండి నీది నారింజ ఉంటె చూసెటోళ్ల కండ్లు మండుతయ్." పాపం ఆ పిల్ల చెమటలు కక్కుతూ అక్కడే ఫోన్ చేసింది. అవతలి ఆవిడ నన్నడిగి కొంటున్నావా తల్లీ అని మురిసిపోయి, ఫోన్ పెట్టనే పెట్టలేదు. ఆ అత్తాకోడళ్లు ఇప్పటికీ చీరలకు కలిసే వస్తారు.

చీరను చెవి దగ్గర పెట్టుకుని నలిపి వినడం కూడా ఆయన అలవాటే. కళ్లు మూసుకుని, డాక్టరు గుండె చప్పుడు విన్నట్టు వినేవాడు. టిష్యూ చీరలంటే పడేది కాదు. "ఇది లొల్లి వెడ్తదమ్మా. నువ్వు జర కదిలినవంటె నీకంటె ముందు ఇదే మాట్లాడ్తది," అని పక్కన పడేసేవాడు. ఆఫీసర్ల భార్యలతో కన్నడం, బుర్ఖాలో వచ్చిన ఆడవాళ్లతో ఉర్దూ, భాల్కి అవతలి నుంచి వచ్చినవాళ్లతో మరాఠీ మాట్లాడేవాడు. కుచ్చిళ్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఎవరి ముందైనా సరే, మీసంలోనే గొణుక్కుంటూ, ఒకటి, రెండు, మూడు అని తెలుగే.

మామ పోయి రెండేళ్లయింది. కబురు తెలిసి నేనూ మా ఇంటాయనా మన్నళ్ళి వెళ్లాం. గడపలో అడుగు పెట్టగానే ఆయన భార్య నన్ను చూసి గొల్లుమంది. ఏడుస్తూ ఏడుస్తూనే, "కింద కూసుంటవా బిడ్డా, కుర్చి ఎయ్యాల్నా?" అని అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. చావింట్లో నవ్వితే ఏం బాగుంటుందని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

సరే, పడవ సంగతికి వస్తాను.

మాది రంగుల దుకాణం, గోడలకు వేసే రంగులు. బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్లు ఏడాదికోసారి భార్యలతో సహా ఎక్కడికైనా తిప్పి తీసుకొస్తారు. మా వంతు మొదటిసారి గోవాతో వచ్చింది. రాత్రి విందు అన్నారు కదా అని నేను ముదురు ఎర్ర పట్టుచీర, జానెడు జరీ అంచుది, మెడలో కాసులపేరుతో దిగాను. ధన్నూరలో పుట్టి బీదర్‌కు కోడలిగా వచ్చినదాన్ని, విందంటే నాకు తెలిసింది పెళ్లి విందే. అక్కడ చూస్తే గడ్డి మీద బల్లలు, ఒకామె ప్యాంటులో, ఒకామె గౌనులో, ఇంకొకామె మా అబ్బాయి వేసుకునేలాంటి చొక్కాలో. నగరం నుంచి వచ్చిన ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "పెళ్లి ఎవరిది అక్కా?" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఇంటాయన కూడా నవ్వాడు. ఆయనకు ఆ మాట వినపడనే లేదట, అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వాడట! ఆ నవ్వుకు నేనాయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

తలనొప్పి అని చెప్పి గదికి వచ్చేశాను. ఆ బరువు చీరలోనే మంచం మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకుల చుడువా డబ్బా సగం ఖాళీ చేశాను. మిగతా రెండు రాత్రులూ అదే తలనొప్పి, అదే చుడువా.

మరుసటి ఏడు బ్యాంకాక్ అని కాగితం వచ్చింది. ఆఖరి రాత్రి నది మీద పెద్ద పడవలో విందు, ఫార్మల్ దుస్తుల్లో రావాలి అని రాశారు. చదవగానే పోకూడదనుకున్నాను. నీళ్లంటే భయమై కాదు. హోటల్‌లో అయితే గది ఉంటుంది, తలుపు ఉంటుంది. పడవలో తలనొప్పి అంటే ఎటు పోవాలి, నీళ్లల్లో దూకాలా? రెండు గంటలు ఆ ఆడవాళ్ల మధ్య కూర్చోవాల్సిందే. నేను రాను, మీరొక్కరే పొండి అన్నాను మా ఇంటాయనతో. పేర్లు ఇచ్చేశాం, మారవు అన్నాడు. "అందరు గౌన్లు కొంటున్నరట, నువ్వు గూడ ఒకటి కొనుక్కోరాదు," అని సలహా ఒకటి పారేశాడు. డీలర్ల భార్యల వాట్సాప్ గ్రూపు నిండా నిజంగానే గౌన్ల ఫోటోలు. నలభై అయిదేళ్లు వచ్చాక గౌను! పది రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి సిగ్గు చంపుకుని మామ దగ్గరికే పోయాను.

"మామా, గౌన్లున్నయా?"

"మీద రెడీమేడ్ల ఉన్నయ్. ఎవరికి, మనుమరాలికా?"

"నాకే."

మామ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఏడ కూసుంటవమ్మా?"

"పడవల."

ఆయనకు తెలిసిన పడవ పుట్టి ఒక్కటే, మంజీరలో బస్సు కిటికీ నుంచి చూసిన గుండ్రటి పుట్టి. దాన్నే మనసులో పెట్టుకుని చెప్పాడు. "పుట్టిలకు గౌను దేనికి బిడ్డా? అడుగున నీళ్లుంటయ్, తడుస్తది. నాట్లు ఏసెటోళ్లు కచ్చవోసి కట్టుకుంటరు సూడు, గట్ల మోకాళ్ల దాక కట్టు."

కచ్చపోసి బ్యాంకాక్ విందుకు పోతున్న నన్ను ఊహించుకుని పది రోజుల్లో మొదటిసారి పకపకా నవ్వాను. తర్వాత ఫోన్‌లో ఆ పడవ విందు వీడియో చూపించాను. మామ గద్దె మీద చతికిలబడి మూడుసార్లు చూశాడు. నదిని చూడలేదు, దీపాలను చూడలేదు, ఒడ్డున మెరిసే గుళ్లను చూడలేదు.

"ఆపు, ఆపు. గీ గౌను ఆమెను సూడు. ఇప్పటికి పదకొండు సార్లు గౌను గుంజుకున్నది. చెంచ నోట్లెకు నాలుగు సార్లే వోయింది." మళ్లీ చూశాడు. "మెట్లు ఇనుపయి, ఇరుకున్నయ్. వడ్డించెటోడు కోటు ఏసుకున్నడు సూడు, అంటె లోపల సల్లగుంటది. మీద మాత్రం గాలి."

"ఇంతకీ గౌను చూపిస్తవా లేదా?"

చూపించాడు. ఎలా అంటారా? ఆయనకు తెలిసింది ఒకటే పద్ధతి. పై అంతస్తు నుంచి నల్ల గౌను ఒకటి తెచ్చి, చొక్కా మీదనే తలలోంచి దూర్చుకున్నాడు. చంకల దగ్గర ఇరుక్కుంది. అట్లాగే స్టూలు మీద కూర్చుని, పెద్ద ఫ్యాను తనవైపు తిప్పించుకుని, పడవ ఊగినట్టు తనే కుడికీ ఎడమకీ ఊగుతూ, చేతిలో లేని చెంచాతో నోట్లో లేని అన్నం తిన్నాడు. గౌను గుమ్మటంలా ఉబ్బి కళ్లద్దాలు ఎగిరిపోయాయి. సరిగ్గా అప్పుడే దుకాణం యజమాని సావుకారు ఎవరో ఆఫీసరు గారి భార్యను వెంటబెట్టుకుని మర్యాదగా లోపలికి వచ్చాడు. ఆమె ఆ దృశ్యం చూసి, నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే గద్దె మీద కూలబడింది.

సావుకారు తిట్లు సద్దుమణిగాక, గౌను విప్పుకుంటూ మామ అడిగాడు. "మల్ల గోవల ఏం కట్టినవమ్మా?"

చెప్పాను. ముదురు ఎర్ర పట్టు, జానెడు జరీ. పెళ్లెవరిదని అడిగిన మాట, చుడువా డబ్బా, అన్నీ చెప్పేశాను. మామ ముఖంలో నెత్తురు లేదు.

"అది నేనే ఇచ్చిన గదా. పెండ్లిళ్ల గిరాకి, నడువ సందు లేకుండె. ఏడ కూసుంటవని నిన్ను అడగనే లేదు." కాసేపు టేపు వేలికి చుట్టుకున్నాడు. "తప్పు నాది బిడ్డా. నీకు గౌనొద్దు. కొత్త చీర గూడ నీకు అమ్మను. రేపు నీ బీరువల ఉన్నయి తీస్కరా."

చీరల దుకాణానికి పాత చీరలు మూట కట్టుకుని పోవడం ఎంత సిగ్గో పోయినవాళ్లకే తెలుస్తుంది. సావుకారు నా సంచివైపు, బిచ్చానికి వచ్చినవాళ్లను చూసినట్టు చూశాడు. మామ అయిదు చీరలూ పరిచి ఒక్కొక్కటీ చెవి దగ్గర నలిపాడు. నాలుగోది నారాయణపేట చీర, వంకాయ రంగు, ఉతికి ఉతికి మెత్తబడింది. దాన్ని నా భుజాన వేసి కూర్చోబెట్టి, నా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది ఎప్పుడు కడ్తవ్?"

"ఇది మంచిది గాదు మామా. మా ఇంటాయనతోని మిర్చి బజ్జీలు తిన వోయినప్పుడు కడ్త. అంచు మీద నూనె మచ్చ గూడ ఉన్నది."

"మచ్చ ఉన్నదా?" మామకు లాటరీ తగిలినంత సంతోషం. "ఏది, సూపియ్యి. శాబాష్! ఒకసారి మచ్చ వడ్డదంటె ఇగ ఆ చీరకు భయముండది, కట్టినోళ్లకు గూడ ఉండది. గదే కట్టు. మెట్లున్నయ్ గదా, రెండు వేళ్లు మీదికి కట్టు. పైటకు లోపలి దిక్కు పిన్ను వెట్టు. సన్న శాలువ ఒకటి వెట్టుకో. కాసులపేరు ఇంట్ల వెట్టి పో."

సావుకారు ఇక ఆగలేకపోయాడు. "దుకాణం నడుపుతున్నవా, బంద్ వెట్టాల్నని చూస్తున్నవా? చీర కొన వచ్చినామెను పాత చీర కట్టుకొమ్మని పంపుతవా?"

"పోయినసారి అమ్మి పంపిన సావుకారీ," అన్నాడు మామ, నా చీరలు మడతపెడుతూ. "బిడ్డ మూడు దినాలు అన్నం తినలే."

నేను వెళ్లాను. నూనె మచ్చ చీరలోనే పడవ ఎక్కాను.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే దుకాణానికి పోయాను. మామ భుజాన ఎవరిదో పెళ్లి పట్టుచీర, కుచ్చిళ్లు బెల్టులో. ఎదురుగా ఒక కుటుంబం మొత్తం గద్దె మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే వాళ్లనట్లాగే వదిలేసి, పైట లాక్కుంటూ గడప దాకా వచ్చేశాడు. తర్వాత ఆయన భార్య చెప్పింది, ఆ వారమంతా మామ ఇంట్లో సరిగా తిననే లేదట.

"తలనొప్పి లేసిందా?"

"లేదు మామా."

"ఏం తిన్నవ్?"

నేను అందుకున్నాను. "మామిడిపండు ముక్కలు, కొబ్బరిపాల అన్నం కలిపి ఇస్తరు మామా, అబ్బా, ఏముంటదో! రెండు సార్లు తిన్న. నూనెల వేయించిన మక్కజొన్న గింజలు, పప్పు, రొట్టె. గోవల నవ్విందే, ఆమె గూడ వచ్చింది. నేలకు జీరాడే గౌను ఏసుకున్నది, మెట్లెక్కుతుంటె కాళ్ల కింద వడి ముందటికి తూలింది. నేనే ఎనుక నుంచి కొసలు వట్టుకొని మీదికి ఎక్కించిన. కూసుంటె సలికి వణుకుతుండె. శాలువ ఇద్దరం కప్పుకున్నం. ఆమెకు మామిడిపండు అన్నం తెచ్చిచ్చి నేను గూడ మూడో పళ్లెం తెచ్చుకున్న. ఆమె పేరేందో అడిగిన, ఊరేందో అడిగిన. వాళ్ల అత్తగారికి గూడ మా అత్త లెక్కనే మోకాళ్ల నొప్పులేనట. తర్వాత పాటలు వెట్టిన్రు. అందరు లేసి ఎగురుతున్నరు, నన్ను గుంజిన్రు, నేను గూడ ఎగిరిన. మా ఇంటాయన నోరు తెరిచి చూసిండు..."

మామ ఊపిరి బిగబట్టి వింటున్నాడు. గద్దె మీది పెళ్లివాళ్లు కూడా వింటున్నారు.

"గది సరే. మల్ల చీర? చీరను చూసి ఎవరన్న ఏమన్న అన్నరా?"

పడవలోకి అడుగు పెట్టిన దగ్గర్నుంచి దిగిన దాకా మనసులో వెతుక్కున్నాను. మామిడిపండు గుర్తుంది, ఆ పాట గుర్తుంది, నీళ్ల మీద మెరిసిన దీపాలు గుర్తున్నాయి.

"ఏమో మామా. యాదికి లేదు. దాని దిక్కు నేనే చూడలే."

మామ భుజాన ఉన్న పెళ్లి పట్టుచీర పైటతో కళ్లు తుడుచుకుని, దుకాణం నడిమధ్య నిలబడి, సావుకారు కూర్చున్న కౌంటరు దాకా వినిపించేలా కేక పెట్టాడు.

"సావుకారీ! ఇన్నవా? బిడ్డ మూడుసార్లు వడ్డించుకున్నదట!"